కౌంటు అడిగితే అక్షరాలొచ్చాయి

నెల్లూరు తీరంలో రొయ్యల గుంట గట్టెక్కిన ఎవరైనా ముందు అడిగేది కౌంటు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. ముప్పై కౌంటంటే ఒక్కో రొయ్య 33 గ్రాములకు పైమాటే. నూరు కౌంటంటే ఒక్కోటి పది గ్రాములు. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, ముత్తుకూరు, అల్లూరు మండలాల్లో ఇది వేరే చెప్పాల్సిన పని లేని లెక్క.

ఆ ఊళ్లలో ఒకదాని నుంచి డిగ్రీ చదవడానికి వెళ్లిన పిల్లవాడు పైథాన్ కొత్తగా నేర్చుకుని, ఇంటి గుంట లెక్కలకు చిన్న ప్రోగ్రాం రాశాడనుకుందాం. విసురువల రెండు చోట్ల వేసి చూశారు. ఒకచోట 50 కౌంటు, ఇంకోచోట 60. సగటు 55 అని నోటితోనే చెప్పొచ్చు. ప్రోగ్రాం రెండు అంకెలూ అడిగి తీసుకుంది, కూడింది, సగం చేసింది, 2530 అని తెర మీద వేసింది. కిలోకి రెండు వేల అయిదు వందల ముప్పై రొయ్యలు! హేచరీ నుంచి సీడు తెచ్చిన కొత్తలోనైతే ఆ కౌంటు ఉంటుందేమో.

జరిగింది ఇది. కీబోర్డు మీద కొట్టిందాన్ని పైథాన్‌లో 'ఇన్‌పుట్' అనే ఫంక్షన్ తెచ్చి ఇస్తుంది. అది ఇచ్చేది ఎప్పుడూ అక్షరాల వరసే, దాన్నే స్ట్రింగ్ అంటారు. 50 అని కొడితే 'అయిదు' గుర్తు, దాని పక్కన 'సున్న' గుర్తు, అంతే. స్ట్రింగులకు కూడిక గుర్తు పెడితే ఒకదాని పక్కన ఒకటి అతుక్కుంటాయి. 50, 60 కలిసి 5060 అయ్యాయి. కూడిన తర్వాత దాన్ని సంఖ్యగా మార్చి సగం చేశాడు గనక 2530 వచ్చింది. మార్చాల్సింది కూడకముందే.

ఇంత పెద్ద అంకె వస్తే ఎవరైనా పట్టేస్తారు. పట్టుకోలేనివి వేరే ఉన్నాయి. నాలుగు గుంటల కౌంట్లు 30, 40, 50, 100 అనుకోండి. వీటిని స్ట్రింగులుగానే ఉంచి చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చమంటే 100 ముందొస్తుంది, ఆ తర్వాతే 30, 40, 50. పైథాన్ స్ట్రింగులను నిఘంటువులో మాటల్లాగా మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది. 'ఒకటి' గుర్తు 'మూడు' గుర్తుకన్నా ముందుది, కాబట్టి 100 చిన్నదని తేల్చేస్తుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఆగదు. అన్నిటికన్నా తక్కువ కౌంటున్న గుంట ముందు పట్టుబడికి సిద్ధం అనే షరతు రాసి ఉంటే, నూరు కౌంటు గుంటకు వల దించమంటుంది.

ఇన్‌పుట్ ఇలా స్ట్రింగే ఇవ్వడం వెనక ఒక పాఠం ఉంది. 2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చేదాకా ఇన్‌పుట్ పని తీరు వేరు. కొట్టిందాన్ని ప్రోగ్రాం వాక్యంగా భావించి, నడిపి, ఫలితం చేతికిచ్చేది. 50 అని కొడితే 50 అనే సంఖ్యే వచ్చేది. కొత్తవాళ్లకు భలే సుఖం. కానీ 50కి బదులు ఫైళ్లు చెరిపేసే ఆజ్ఞ కొట్టినా అంతే శ్రద్ధగా నడిపేది. పైథాన్ 3లో ఆ తలుపు మూశారు. పైథాన్ 2కి మద్దతు కూడా 2020 జనవరి 1తో ముగిసింది.

అయితే ఆ పాత సుఖం మరిగినవాళ్లు 'ఎవాల్' అనే ఫంక్షన్‌తో దొడ్డిదారి పట్టారు. ఇన్‌పుట్ ఇచ్చిన స్ట్రింగును ఎవాల్‌లో పెడితే పూర్ణసంఖ్యయినా దశాంశమైనా దానంతటదే తేలిపోతుంది, నిజమే. ఎవాల్ చేసేది మాత్రం సంఖ్యగా మార్చడం కాదు, కొట్టిందాన్ని నడపడం. ఇప్పటికీ కొన్ని పాఠాల్లో దీన్ని చిట్కాగా నేర్పుతుంటారు. నా మాటగా చెబుతున్నా, అలాంటి పాఠం ఎదురైతే అక్కడే వదిలేయండి. "నా ప్రోగ్రాం నేనొక్కడినే వాడుకుంటాను కదా" అనే సమాధానం కూడా నిలవదు. గుంట లెక్కల ప్రోగ్రాం ఈ సీజనుకు ఒకరిది, వచ్చే సీజనుకు ఊరందరిదీ.

మార్చడానికి పైథాన్ ఇచ్చినవి రెండు: పూర్ణసంఖ్యలకు 'ఇంట్', దశాంశాలకు 'ఫ్లోట్'. ఇవి ఎంత ఉదారమైనవో, ఎక్కడ మొండికేస్తాయో తెలిస్తే సగం పని అయినట్టే. 30కి ముందూ వెనకా ఖాళీలు పడితే ఇంట్ పట్టించుకోదు. అంకెల మధ్య అండర్‌స్కోర్ గీత పెట్టినా 2016లో వచ్చిన 3.6 నుంచీ ఒప్పుకుంటుంది. 30.5 ఇస్తే మాత్రం ససేమిరా అంటుంది, దాన్ని ఫ్లోట్‌కు ఇవ్వాలి. ఫ్లోట్ ఇచ్చిన 30.9ని మళ్లీ ఇంట్‌లో వేస్తే చుక్క తర్వాతది కోసేసి 30 ఇస్తుంది, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించదు. రైతుకు ఆ లెక్క బాగానే ఉంటుంది, కొనడానికొచ్చినవాడే ఒప్పుకోడు.

మనకు ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటుంది. తెలుగు అంకెల్లో ౩౦ అని కొట్టినా ఇంట్ దాన్ని ముప్పైగానే తీసుకుంటుంది. యూనికోడ్‌లో దశాంశ అంకెలుగా గుర్తించిన ఏ లిపి అంకెలకైనా ఇదే మర్యాద. ౩౦.౫ అంటే ఫ్లోట్ కూడా ముప్పైన్నర ఇస్తుంది. ఇక్కడే తెలుగువాళ్లకు ఎదురయ్యే తిరకాసు. మన సున్న అంకె ౦, మన అనుస్వారం ం చూపుకు ఒకేలా ఉంటాయి, యూనికోడ్‌లో మాత్రం రెండూ వేర్వేరు గుర్తులు. తెలుగు కీబోర్డులో చేతికి ముందు తగిలేది అనుస్వారమే. మూడు పక్కన అది పెడితే మన కంటికి ముప్పై, ఇంట్‌కు మాత్రం మూడు పక్కన ఏదో అక్షరం. కుదరదంటుంది. ఎంతసేపు తేరిపార చూసినా తప్పు కనపడదు.

కంటికి అసలే కనపడనిది ఇంకోటుంది. తెలుగులో పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా విడదీయడానికి వాడే అదృశ్య గుర్తు ఒకటి, వాట్సాప్‌లో వచ్చిన సందేశం నుంచి అంకెను కాపీ చేసినప్పుడు దాని తోకకు అతుక్కుని రావచ్చు. ఇంట్ మామూలు ఖాళీలను ఊడ్చేస్తుంది గానీ దీన్ని ఖాళీగా లెక్కపెట్టదు. ఇలాంటప్పుడు పైథాన్ చూపించే ఎర్రర్ వాక్యాన్ని చివరిదాకా చదవాలి. తనకు అందిన స్ట్రింగును కోట్ గుర్తుల మధ్య పెట్టి, కనపడని గుర్తుకు బదులు దాని యూనికోడ్ సంకేతం వేసి మరీ చూపిస్తుంది. కొత్తవాళ్లలో చాలామంది ఎర్ర అక్షరాలు చూడగానే కిటికీ మూసేస్తారు, జవాబు అందులోనే ఉంటుంది.

కామాల గొడవ వేరు. మనం లక్షా పాతికవేలను 1,25,000 అని రాస్తాం. ఇంట్, ఫ్లోట్ రెండూ కామా చూస్తే తిప్పికొడతాయి. కామాలన్నీ తీసేసి మారుస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. సీడు లెక్కకు, మేత ఖర్చుకు అది చెల్లుతుంది. నీళ్ల ఉప్పదనం 3.5 అని కొట్టబోయి 3,5 అని కొడితే? కామా తీసేస్తే 35, అంటే అచ్చం సముద్రపు నీరు. దాదాపు మంచినీళ్ల గుంటను సముద్రం చేసేశాం. అందుకే కామాలు తీసే వెసులుబాటు పెద్ద పూర్ణసంఖ్యలకే పరిమితం చేసి, దశాంశం వచ్చే చోట తిప్పికొట్టనివ్వడమే మేలు.

ఇన్ని రకాలు చూశాక, మార్చకముందే స్ట్రింగును తనిఖీ చేద్దామనిపిస్తుంది. 'ఈజ్‌డిజిట్' అని ఒక పరీక్ష ఉంది, అన్నీ అంకెలేనా అని చూసి అవును, కాదు చెబుతుంది. చాలా పాఠాలు దీంతోనే మొదలుపెడతాయి. నాకు నచ్చదు. మైనస్ గుర్తుంటే కాదంటుంది, ఆటుపోట్ల పట్టికలో నీటిమట్టం మైనస్‌లో ఉండొచ్చు. చుక్క ఉంటే కాదంటుంది. ఇంట్ హాయిగా ఒప్పుకునే వెనక ఖాళీకి కూడా కాదంటుంది. పోనీ అవునన్నదాన్నయినా నమ్ముదామంటే, చదరపు మీటరు రాసేటప్పుడు పైన పెట్టే చిన్న రెండును అంకేనంటుంది, ఇంట్ దగ్గరికెళ్తే చెల్లదు. దాని తోబుట్టువు 'ఈజ్‌న్యూమరిక్' ఇంకా ఉదారం. అర గుర్తునూ ఒప్పుకుంటుంది, మన పాత కరణాల లెక్కల్లో నాలుగో వంతులు, పదహారో వంతులు రాయడానికి వాడిన తెలుగు భిన్నాల గుర్తులనూ ఒప్పుకుంటుంది. అవి 2008లో యూనికోడ్‌లో చేరాయి. గౌరవం దక్కినందుకు సంతోషమే, ఇంట్‌కు మాత్రం అవేవీ పనికిరావు.

పరీక్ష పెట్టేవాడు ఒకడు, మార్చేవాడు ఇంకొకడు అయినప్పుడు ఇద్దరి నియమాలూ కలవవు. మార్చేవాడినే అడగడం సుళువు: మార్చి చూడు, కుదరకపోతే చెప్పు. పైథాన్ రాసేవాళ్ల అలవాటు కూడా ఇదే, ముందు అనుమతి అడగడం కన్నా తర్వాత క్షమాపణ కోరడం తేలికంటారు. 'ట్రై' అనే మాట కింద మార్చే వాక్యం ఒక్కటి రాస్తారు. దాని కింద 'ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్' అని పెట్టి, కుదరనప్పుడు ఏం చెప్పాలో రాస్తారు. ఈ మొత్తాన్ని ఒక లూప్‌లో పెడతారు. సరైన సంఖ్య వస్తే లూప్ నుంచి బయటపడతారు, లేకపోతే మళ్లీ అడుగుతారు. ఆరేడు వరసల పని. దీన్నే ఒక ఫంక్షన్‌గా కట్టుకుంటే కౌంటు, ఉప్పదనం, మేత కిలోలు, దేన్ని అడగాలన్నా అదే పనికొస్తుంది.

ఇందులో రెండు చోట్ల చెయ్యి జారుతుంది. మొదటిది, ట్రై కింద ప్రోగ్రాం అంతా కుక్కడం. రెండోది, వాల్యూఎర్రర్ పేరు రాయకుండా ఉత్త ఎక్సెప్ట్ పెట్టి ఊరుకోవడం. ఉత్త ఎక్సెప్ట్ ఏ తప్పు వచ్చినా పట్టేస్తుంది. మీరే ఒక పేరు తప్పు రాశారనుకోండి, ఆ ఎర్రర్‌నూ మింగేసి, సరిగ్గా 50 కొట్టిన మనిషిని "దయచేసి అంకె కొట్టండి" అంటుంది. ఆయన మళ్లీ 50 కొడతాడు, మళ్లీ అదే మాట. విసుగొచ్చి కంట్రోల్, సీ మీటలు కలిపి నొక్కి ఆపేద్దామన్నా ఆగదు, ఆ ఆపమనే సంకేతాన్నీ ఎక్సెప్ట్ పట్టేసుకుని మళ్లీ కౌంటెంతని అడుగుతుంది. ఇక కిటికీ మూయడం తప్ప దారి లేదు.

శ్రీహరికోట ఉన్న తీరం గురించి రాస్తూ రాకెట్ మాట ఎత్తకపోతే బాగుండదు. ఈ ఉదాహరణ మాత్రం అక్కడిది కాదు, దక్షిణ అమెరికాలోని కూరూది. 1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియేన్ 5 మొదటిసారి లేచి, దాదాపు 40 సెకన్లలో దారి తప్పి పేలిపోయింది. దిశ చెప్పే యూనిట్‌లో ఒక దశాంశ విలువను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చాలి. అందులో పట్టే అతిపెద్ద విలువ 32,767. ఏరియేన్ 4కి రాసిన ఆ ప్రోగ్రాంలో ఆ విలువ ఎప్పుడూ అంత పెరగలేదు, ఏరియేన్ 5 వేగానికి పెరిగింది. ప్రమాదం ఉందని గుర్తించిన ఏడు విలువల్లో నాలుగింటికే రక్షణ రాశారు, ఇది మిగిలిన మూడింట్లోది. మార్పు కుదరలేదు, ఆ ఎర్రర్‌ను ఎవరూ పట్టలేదు, యూనిట్ ఆగిపోయింది. బదులుగా పెట్టిన రెండో యూనిట్‌లోనూ అదే ప్రోగ్రాం కాబట్టి అదీ ఆగింది. పైథాన్ పూర్ణసంఖ్యకు ఇలాంటి హద్దు లేదు, అచ్చంగా ఈ తప్పు మన పిల్లవాడికి రాదు. కానీ కుదరనప్పుడు ఏం చేయాలన్నది ముందే రాసి ఉంచారా అన్న ప్రశ్న గుంటకైనా రాకెట్‌కైనా ఒకటే.

కుదరనప్పుడు ఏం చేయాలి? కొత్తవాళ్లు తరచూ రాసే జవాబు: సున్న పెట్టేయ్. సీ భాషలో పాతకాలం నుంచీ ఉన్న 'ఏటూఐ' ఫంక్షన్‌కు కూడా ఇదే అలవాటు, అంకెలు కాని చెత్త ఏదిచ్చినా మారు మాట్లాడకుండా సున్న ఇస్తుంది. నిజంగా సున్న కొట్టారా, చెత్త కొట్టారా అన్న తేడా పోయింది.

గుంటలో ఆ తేడా ఎంతదో నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌తో చెప్పొచ్చు. పగలు నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ చేస్తుంది. రాత్రి నాచు, రొయ్యలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ వాడుకునేవే, చేసేది ఏదీ లేదు. తెల్లవారకముందు అది అట్టడుగుకు పడుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గనివ్వకూడదని జాగ్రత్తపడతారు, ఏరేటర్లు తిప్పేది అందుకే. తెల్లవారుజామున నిద్రమత్తులో రీడింగు తప్పు కొట్టారు, ప్రోగ్రాం సున్న పెట్టింది. సున్న అంటే గుంట చచ్చిపోయిందని అర్థం. ఆ రోజుకు కంగారు, నెల సగటుకు శాశ్వతంగా మచ్చ. రీడింగు లేకపోతే లేదనే ఉంచాలి. పైథాన్‌లో దానికి 'నన్' అని ప్రత్యేక విలువ ఉంది. దాన్ని కూడికలోకి లాగితే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది, సగటు తీసేటప్పుడు దాన్ని పక్కనపెట్టడం మనం మరిచిపోకుండా అదే కాపలా.

దీనికి తిరగేసిన ప్రమాదం ఫ్లోట్‌లో దాగుంది. ఎన్, ఏ, ఎన్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కలిపి కొడితే ఫ్లోట్ తిప్పికొట్టదు. 'సంఖ్య కానిది' అని చెప్పే ఆ గుర్తును సంఖ్యల రకంలోనే ఒక విలువగా తీసుకుంటుంది. రీడింగు లేని చోట కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇదే రాస్తాయి, కాబట్టి ఎవరూ కొట్టకపోయినా ఫైలులోంచి వచ్చి పడొచ్చు. ఎక్కువా, తక్కువా అని దీన్ని దేనితో పోల్చినా జవాబు కాదనే. 4 కన్నా తక్కువా? కాదు. 20 కన్నా ఎక్కువా? కాదు. తక్కువైతే హెచ్చరించు అని రాసిన ప్రోగ్రాం నోరెత్తదు, ఏరేటరు తిరగదు. మందు చిన్నదే. ఫలానా హద్దులు దాటితే తోసేయ్ అని రాయకుండా, ఫలానా హద్దుల లోపల ఉంటేనే తీసుకో అని తిప్పి రాస్తే చాలు. ఆ ప్రశ్నకూ ఇది కాదనే అంటుంది, బయటే ఆగిపోతుంది.

హద్దుల మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికొద్దాం. ఇంట్, ఫ్లోట్ చెప్పేది ఇది సంఖ్య అని మాత్రమే, ఇది నమ్మదగ్గ సంఖ్య అని కాదు. తూముకు వల కట్టి నీళ్లు తీసుకుంటే చేపపిల్లలు ఆగుతాయి గానీ ఆ నీళ్ల ఉప్పదనం ఎంతో వల చెప్పదు కదా. ఒక లెక్క చూడండి. ఎకరా గుంటలో 2 లక్షల సీడు, 80 శాతం బతికాయి, 50 కౌంటు. అంటే 1,60,000 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు, మొత్తం 3,200 కిలోలు. రోజుకు బరువులో 3 శాతం మేత అనుకుంటే 96 కిలోలు. 50 కొట్టబోయి 5 కొట్టారు. ఇంట్‌కు ఏ అభ్యంతరమూ లేదు. ఒక్కో రొయ్య 200 గ్రాములైంది, గుంటలో 32,000 కిలోలున్నాయి, రేపటి మేత 960 కిలోలు. అంత మేత దించితే తినగా మిగిలింది అడుగున కుళ్లి ఉన్న ఆక్సిజన్ లాగేస్తుంది. అదే సున్న కొడితే వెయ్యిని సున్నతో భాగించబోయి ప్రోగ్రాం ఆగిపోతుంది. నా ఓటు ఆగిపోయేదానికే.

హద్దులు ఎక్కడ పెట్టాలన్నది పైథాన్ చెప్పలేదు, గుంట తెలిసినవాళ్లే చెప్పాలి. ఉప్పదనం వెయ్యికి 45 వంతులు దాటదని పుస్తకం చూసి రాశారనుకోండి. వెనామీ రకం రొయ్యల పెంపకానికి అది సబబైన హద్దే. అదే ప్రోగ్రాం తీసుకెళ్లి దక్షిణాన పులికాట్ సరస్సు నీళ్లకు వాడితే? వానల్లో అక్కడ నీళ్లు చప్పబడతాయి, ఎండాకాలం ఇగిరిపోయి సముద్రం కన్నా ఉప్పెక్కుతాయి. నిజమైన రీడింగును మనమే తప్పని తోసేస్తాం. అందుకని హద్దులు రెండు రకాలుగా పెట్టుకోవడం మంచిది. కౌంటు సున్న, ఉప్పదనం మైనస్ లాంటి జరగనేరనివి తిప్పికొట్టాలి. అరుదైనవైతే "48 అని కొట్టారు, నిజమేనా?" అని మరోసారి అడిగి, అవునంటే రాసుకోవాలి. ఆ అడిగే వాక్యంలో కొట్టిందాన్ని కొట్టినట్టే చూపించాలి, ఎలా కొట్టాలో ఒక ఉదాహరణ ఇవ్వాలి. "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని ఊరుకుంటే గట్టు మీద ఫోను పట్టుకున్న మనిషికి ఏం అర్థమవుతుంది?

మరీ తోచింది చేసి పెట్టే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. జన్యువుల పేర్లలో మార్చి 1, సెప్టెంబరు 2 లాగా కనిపించేవాటిని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తూ వచ్చింది, అడగకుండా, చెప్పకుండా. ఆ తప్పులు పరిశోధన పత్రాలతో పాటు ఇచ్చే పట్టికల్లోకి ఎక్కాయి. చివరికి 2020లో మనిషి జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే ఆ పేర్లు మార్చుకున్నట్టు ప్రకటించింది. దీని పక్కన పెట్టి చూస్తే, 30.5 ఇస్తే తీసుకోనని మొండికేసే ఇంట్ మీద కోపం తగ్గుతుంది.

ఆఖరుగా, మార్చనే కూడనివి కొన్ని ఉన్నాయి. నెల్లూరు ఎస్‌టీడీ కోడ్ 0861. దీన్ని ఇంట్‌కు ఇస్తే ఏ ఎర్రరూ లేకుండా 861 చేతిలో పెడుతుంది, ముందున్న సున్న పోయింది, ఆ నంబరు ఇక ఎక్కడా మోగదు. ఫోను నంబర్లు, ఆధార్, పిన్‌కోడ్, బ్యాంకు ఖాతా నంబరు, వీటిని ఎవరూ కూడరు, సగటు తీయరు. వాటిని స్ట్రింగులుగానే ఉంచి, పొడవు సరిపోయిందా, అన్నీ అంకెలేనా అని చూస్తే చాలు. ఈజ్‌డిజిట్ తోబుట్టువుల్లో కాస్త కట్టుదిట్టమైన 'ఈజ్‌డెసిమల్' పనికొచ్చే చోటు ఇదే. రొయ్యల డబ్బు లెక్క మాత్రం ఇంకో తీరు. పైసలు తేడా రాకూడదంటే ఫ్లోట్ కాదు, 'డెసిమల్' అనే మాడ్యూల్ వాడాలి. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివర్లో ఎక్కడో ఒక 4 తేలుతుంది. డెసిమల్‌కు స్ట్రింగును స్ట్రింగుగానే ఇవ్వాలి, మధ్యలో ఫ్లోట్ చేసి ఇస్తే ఆ 4 లాంటి తోకలు దానితోపాటే లోపలికొస్తాయి. డెసిమల్ తిప్పికొట్టినప్పుడు వచ్చేది కూడా వాల్యూఎర్రర్ కాదు, దానికి వేరే పేరుంది. ఎక్సెప్ట్ పక్కన ఆ పేరు మార్చుకోవాలి.